పెద్దసారి మోడలూ, యర్రమిట్ట బావీ

నదుల్లో నీళ్ళెంత ఉండాయో లెక్కగట్టి చెప్పే కొలువు నాది. ఈ మాట చెప్తే మా పక్కనోళ్ళు ముందు నా మొగం చూస్తారు, తర్వాత ఏటి దిక్కు చూస్తారు, ఆ పైన నవ్వుతారు. వాళ్ళ తప్పేం లేదు. మా చిత్తూరు జిల్లాలో ఏరంటే ఇసకే. వానొచ్చినప్పుడు నాలుగు దినాలు పారతాది. మిగతా ఏడంతా దాంట్లో మేకలు తిరగతాయి, పిల్లోళ్ళు క్రికెట్ ఆడతారు, ట్రాక్టర్లు ఇసక తోలుకుంటాయి. అట్లాంటి ఏటికి నీళ్ళ లెక్కలు రాసి జీతం తీసుకున్నాను, ఇప్పుడు పింఛను తింటా ఉండాను.

ఈ మధ్య ఇదే కొలువులో కొత్తగా చేరిన ఇద్దరు ఇంజనీర్లు ఇంటికొచ్చినారు. "సార్, మీ కాలంలోనే నీళ్ళనీ ఆర్థికాన్నీ కలిపి ఏటికి మోడల్ చేసినారంట గదా, ఆ అనుభవం చెప్పండి" అని మర్యాదగా అడిగినారు. పదోన్నతులూ బదిలీలూ చెప్పి వాళ్ళ పొద్దు పాడు చెయ్యడం ఎందుకులే అని యర్రమిట్ట సంగతి చెప్పినాను. విని, ఇది రాసిపెట్టండి అన్నారు. రాస్తా ఉండాను. కోపం వచ్చేతావ కోపంగానే రాస్తాను. రిటైరైనోడిని ఇంగ ఎవురు సస్పెండ్ చేస్తారు?

గురప్ప మోసిన మోడలు

తొంభైల చివర్లో పైనుంచి మాకొక ప్రాజెక్టు దిగింది. బయటి సంస్థ ఒకటి డబ్బిస్తాది, మేము బాహుదా ఏటికి కంప్యూటర్ మోడల్ చెయ్యాల. ఐరాల పక్క ఊర్లు, కాణిపాకం, కింద పూతలపట్టు దాకా అంతా దాంట్లోకి రావాల.

మోడలంటే ఏందో తెలియనోళ్ళకు ఒక్క మాట. వాన ఎంత పడతాది, భూమిలోకి ఎంత ఇంకతాది, బావులు ఎంత తోడతాయి, ఇదంతా కంప్యూటర్లో పెడితే అది నీళ్ళ మోడలు. ఆ నీళ్ళతో ఎవురు ఏం పండిస్తారు, బెల్లం వండితే ఏమొస్తాది, మామిడి పెడితే ఏమొస్తాది, టవునోళ్ళు కొళాయి నీళ్ళకు ఎంతిస్తారు, ఇదంతా పెడితే అది ఆర్థిక మోడలు. రెండూ కలిపితే ఏ నీళ్ళు యాడికి పోతే ఎక్కువ లాభమో కంప్యూటరే చెప్తాది. ఆలోచన మంచిదే. ఈ పొద్దుకూ నేను దాన్ని తప్పు పట్టను. నేను తప్పు పట్టేది కలిపినోళ్ళను.

తిరుపతిలో ఒక మిద్దె బాడుక్కు తీసుకున్నాం. నీళ్ళ మోడల్ చేసే ఆయన మేడ మీద, ఆర్థిక మోడల్ చేసే ఆయన కింద. ఇద్దరూ బయటినుంచి వచ్చిన కన్సల్టెంట్లు, ఇద్దరూ డాక్టరేట్లు. మా ఆఫీసోళ్ళు వాళ్ళకు నీళ్ళ డాక్టరు, రూపాయల డాక్టరు అని పేర్లు పెట్టినారు. వచ్చిన వారానికే ఏసీ ఎవురి రూములో పెట్టాల అనేతావ ఇద్దరికీ చెడింది. ఏసీ మేడ మీదికి పోయింది, రూపాయల డాక్టరు మూతి ముడుచుకున్నాడు, ఆ తర్వాత ఒకరి మొగం ఒకరు చూసుకుంటే ఒట్టు.

మరి మోడల్ కలిసేదెట్ల? మా అటెండరు గురప్ప ఉండాడు గదా. పైన నీళ్ళ డాక్టరు ఫ్లాపీలో అంకెలు ఎక్కించి ఇస్తాడు, గురప్ప మెట్లు దిగి కింద ఇస్తాడు. కింద ఆయన ఇంకో ఫ్లాపీ ఇస్తాడు, గురప్ప మెట్లెక్కి పైన ఇస్తాడు. నీళ్ళకూ ఆర్థికానికీ మధ్య సమన్వయం అని మేము రిపోర్టులో రాసినది ఆయప్ప మోకాళ్ళనే. ఒకసారి గురప్ప తలనీలాలు ఇచ్చేదానికి కొండకు పోతే, ఆ రెండు దినాలూ బాహుదాకు ఆర్థిక వ్యవస్థ లేకుండా పోయింది.

పైనాయనకు లెక్క బావితో. ఒక బావి, దాని లోతు, దాని మోటరు. కిందాయనకు లెక్క ఇంటితో. ఒక ఇల్లు, దాని పొలం కయ్యలు, దాని రాబడి. ఊర్లలో సర్వే చేసింది కిందాయన. సెలవులకు వచ్చిన కాలేజీ పిల్లోళ్ళకు ప్రశ్నల కాగితాలిచ్చి ఇల్లిల్లూ తిప్పినాడు. "బావి ఉందా?" అనేది దాంట్లో ఒక ప్రశ్న. ఉందని చెప్పిన ప్రతి ఇంటికీ ఒక బావి అని ఫ్లాపీలో ఎక్కింది. మేడ మీదాయన దాన్ని అట్లే తీసుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒక్క కప్పు కాఫీ తాగుంటే ఈ వ్యాసం రాసే పని నాకు ఉండేది కాదు.

పెద్దసారు

ఈ ప్రాజెక్టుకు పెద్ద మా పెద్దసారు. పేరు రాయను. మనిషి చెడ్డోడు కాదు. లంచం ముట్టడు, టిఫిను తెప్పిస్తే అటెండరుకు కూడా తెప్పిస్తాడు. ఆయనకుండేది ఒకటే జబ్బు, గీతలు కలవాల.

కంప్యూటర్ చెప్పే నీటిమట్టం ఒక గీత. నేను ఊరూరూ తిరిగి, ఇనుప గుండు కట్టిన టేపు బావిలోకి వదిలి కొలిచిన మట్టం ఇంకో గీత. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే పెద్దసారికి ఆ పొద్దు అన్నం సహిస్తాది. కూర్చోకపోతే నన్ను పిలుస్తాడు.

"ఏందప్పా, నీ బావి మాట వినలా?"

"మోడల్ తప్పయి ఉండొచ్చు గదా సార్."

"మోడలుకు ఇంత డబ్బు పెట్టినాం. బావికి ఏం పెట్టినాం?"

ఇట్లాంటి బాసు మీకూ దొరకతాడు. అరిచే బాసుల గురించి అందరూ హెచ్చరిస్తారు, కానీ నన్నడిగితే అరిచేవాడితో బాధ లేదు. అరిచి మర్చిపోతాడు. గీతలు కలిపేవాడు నవ్వుతానే ఉంటాడు, టీ ఇస్తాడు, మీరు కొలిచినదాన్ని మీ చేతనే కొట్టేయిస్తాడు.

ఆఖరికి గీతలు కలిసినాయి. పెద్దసారు మైసూరు పాకు తెప్పించినాడు. ఏటి పటం అంతా గడులు గడులుగా చేసి రంగులు పూసి గోడకు పెట్టినారు. నీళ్ళు మిగిలే గడి నీలం, సరిపోయే గడి పచ్చ, చాలని గడి ఎరుపు. ఏటి గట్టున యర్రమిట్ట అని ఒక చిన్న పల్లె ఉండాది. ఆ పల్లె గడి ముదురు నీలం.

నాకు తల తిరిగింది. యర్రమిట్టలో అన్నేండ్లుగా టేపు వదిలేది నేనే. ఆడ ఊట ఏదో గంజి తాగి బతికేంత మాదిరి సరిపోతాదే గానీ, నీలం పూసేంత లేదు.

పెద్దసారు మాత్రం కర్రతో ఆ గడినే చూపిస్తా ఉండాడు. "చూడప్పా, ఇంత ఊట పెట్టుకుని వీళ్ళు చెరుకు పెట్టి బెల్లం వండతా ఉండారు. యర్రమిట్ట పైన ఏట్లో పెద్ద బావులు దించి చిత్తూరు టవునుకు పైపులేస్తే అందరికీ లాభం." రూపాయల డాక్టరు తలూపినాడు. ఆ గడి విషయంలో మాత్రం ఆ ఇద్దరు డాక్టర్లూ ఒక మాట మీద నిలబడినారు.

మూడు బావులు వెతుక్కుంటా పోయినాను

సర్వే కాగితాలు తీసి చూస్తే ఏటి పక్కన ఒకే సర్వే నంబరులో నాలుగు బావులు, నాలుగు మోటర్లు అని ఉండాది. నాకు తెలిసింది ఒకటే బావి. సరే, నా కంటికి కనబడనివి ఏమన్నా ఉండాయేమో అని బస్సెక్కి పోయినాను. పొద్దు నెత్తికెక్కే దాకా గట్టు మీద తిరిగినాను. మిగతా మూడూ దొరకలా.

బావి కాడ కుప్పమ్మ ఉండాది. నడివయసు ఆడమనిషి, మొగుడు పోయినాడు, చెరుకూ రెండు బర్రెలూ ఒంటిగా చూసుకుంటాది. నేను టేపు వదిలేదానికి పోయినప్పుడల్లా ఏదో ఒకటి అని నన్ను ఎగతాళి చెయ్యకుండా వదలదు.

"అమ్మా, ఈడ బావులెన్ని?"

"నీ కండ్లకు ఎన్ని కనబడతా ఉండాయి సార్? అద్దాలు మార్చుకో."

"కాగితంలో నాలుగుండాయే?"

"రాసినోళ్ళను అడుగు. పిల్లోళ్ళొచ్చినారు, బావి ఉండాదా అన్నారు, ఉండాది అంటిని. ఆడికి పోయి మా బావగార్లను అడిగినారు, వాళ్ళూ ఉండాది అనుంటారు. లేదంటారా?"

"ఈ ఒక్క బావిలోనే నలుగురికీ వంతులు గదమ్మా. నీది పావే గదా?"

ఆమె చేతిలో చెంబు కింద పెట్టేసింది. "పావని ఎవురన్నారు సార్? ఎవురన్నారు, చెప్పు!"

తెలియక అడిగినాను గానీ అడగాల్సిన మాట కాదది. మా పక్క బావులు తాతలు తవ్వించినవి. ఆస్తి పంచుకున్నప్పుడు నేలను కోయొచ్చు, బావిని కోయలేరు. అందుకని వంతులు పెట్టుకుంటారు. కరెంటు ఉండే గంటలు పంచుకుని, ఈ పొద్దు నీది, రేపు నాది అని తోడుకుంటారు. అయితే బయటోళ్ళు అడిగితే ఒక్కడు కూడా నాది పావు బావి అని చెప్పడు. చెప్తే పరువు పోతాది. సంబంధాలు చూసేవాళ్ళు అడిగినా, బ్యాంకోళ్ళు అడిగినా, ప్రశ్నల కాగితం పట్టుకొచ్చిన పిల్లోళ్ళు అడిగినా, "మాకు బావి ఉండాది" అంతే. దాంట్లో అబద్ధం ఉండాదని వాళ్ళనుకోరు. పైగా గవర్నమెంటోళ్ళు అడగతా ఉండారంటే ఏదో ఉచితంగా ఇస్తారేమో అని ఒక ఆశ.

యర్రమిట్ట బావికి ఇంకో తిరకాసు కూడా ఉండె. చెంగల్రాయులు, గోపాలు, దొరస్వామి ముగ్గురూ కుప్పమ్మ మొగుడికి చిన్నాయన, పెదనాయన కొడుకులు. వాళ్ళూ కుప్పమ్మా, నలుగురికీ ఆ బావి మీద చిత్తూరు కోర్టులో కేసు. బావి నా నేలలో ఉండాది కాబట్టి అంతా నాదే అని చెంగల్రాయులు. లోతు చేయించింది మా నాయనే అని గోపాలు. మోటరు పెట్టించింది నేనని దొరస్వామి. అత్తకు ఆఖరిదాకా గంజి పోసింది నేను, నాకు సగం రావాల్సిందే అని కుప్పమ్మ. నలుగురి వకీళ్ళూ నలుగురికీ ఒకటే మాట చెప్పినారు, "ఎవురడిగినా నా బావి అనే అను. పావు అన్నావంటే పావే మిగల్తాది."

ఇప్పుడు మోడల్ సంగతి చూడండి. ఒక బావి తోడే నీళ్ళు నాలుగు బావులు తోడినట్టు రాసినారు. నేను కొలిచిన మట్టం మాత్రం తగ్గలేదు. అంత తోడినా మట్టం తగ్గలేదంటే లోపలికి అంత ఊట వస్తా ఉండాల గదా? కంప్యూటర్ అదే అనుకుంది. లేని బావులకు లేని ఊట తెచ్చి పోసి గీతలు కలిపింది. దానికి మేము మైసూరు పాకు తిన్నాం.

ఆ లేని ఊటను నమ్మి ఏట్లో పెద్ద బావులు దించితే, ఉండే ఒక్క బావీ ఎండిపోతాది. కుప్పమ్మకు ఇంకో నీళ్ళ ఆధారం లేదు. ఆ మాట ఆమెకే చెప్పినాను.

"బావి పోతే నాయుడుపేట కంపెనీల్లో కూలికి పోవాల్సిందే సార్, మా చెల్లెలు ఆడనే ఉండాది" అనింది. మొగంలో ఎగతాళి ఏమాత్రం లేదు.

సంతకాల కోసం తిరిగినది

పెద్దసారి దగ్గరికి పోయి అంతా చెప్పినాను. ఆయన మధ్యలో రెండుసార్లు టీ తెప్పించినాడు. ఆఖరికి అన్నాడు, "డబ్బిచ్చే సంస్థ మేడమ్ వచ్చే నెల చూసేదానికి వస్తా ఉండాది. ఇప్పుడు గీతలు కదిలిస్తే ఎట్లప్పా? సరే, ఒక పని చెయ్యి. మాది పావు వంతే అని ఆ నలుగురి చేతా సంతకాలు పెట్టించి తీసుకురా, మారుస్తాను."

ఈ పెద్దమనిషికి కోర్టు కేసు సంగతి నేనే చెప్పినాను, అయిదు నిముషాల ముందు. అయినా పోయినాను. చెంగల్రాయులు కుర్చీ వేసి, మజ్జిగిచ్చి, సంతకం మాట ఎత్తంగానే ఆవులకు మేత వెయ్యాలని లేచినాడు. గోపాలు వకీలును అడగాలన్నాడు. దొరస్వామి, "ముందు వాళ్ళను పెట్టమను సార్, ఆఖరున నేను పెడతా" అన్నాడు. ముగ్గురికీ ఏట్లో బావుల సంగతి తెలుసు, ముగ్గురికీ భయమే. కానీ దాయాది ముందర పావుగాడు అనిపించుకునే దానికన్నా బావి ఎండిపోయేదే మేలన్నట్టు ఉండిరి.

కుప్పమ్మ అయినా పెడతాదేమో అనుకున్నాను.

"పెడితే కోర్టులో సగం పోతాది. పెట్టకపోతే అంతా పోతాది, అంతే గదా సార్?"

"అంతే అమ్మా. అందుకే పెట్టు."

"అంతా పోతే చెంగల్రాయులుకు కూడా పోతాది గదా?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. ఆ నలుగురినీ, మా పెద్దసారినీ, ఇద్దరు డాక్టర్లనీ కలిపి అదే బావిలో దించి తాళం వెయ్యాలనిపించింది.

తిరుగు బస్సులో కూర్చుని ఆలోచించినాను. ఈ మనుషుల చేత నిజం చెప్పించలేను. చెప్పే అబద్ధమే చెప్పనీ. అయితే నలుగురూ ఒకే పొద్దు, ఒకే మనిషి ముందర చెప్పాల. అంతే నాకు కావాల్సింది.

అన్నీ ఒకే డిజైను

డబ్బిచ్చే సంస్థ మేడమ్ వచ్చింది. నిండా చదువుకున్న మనిషి, తక్కువ మాట్లాడతాది, మెడలో కెమెరా. పెద్దసారు గోడ మీద పటం చూపిస్తే చూసింది, మెచ్చుకుంది, "కొన్ని బావులు నేరుగా చూడొచ్చా?" అని అడిగింది. పెద్దసారు కాణిపాకం దారి చూపించబోయినాడు, దేవుడి దర్శనం కూడా అవుతాదని. నేను మధ్యలో దూరి, "నీలం గడి చూపిద్దాం సార్, మన ప్రాజెక్టుకు గుండెకాయ అదే గదా" అన్నాను. పెద్దసారు ఉబ్బిపోయినాడు.

యర్రమిట్టలో నలుగురికీ ముందే చెప్పి పెట్టినాను, ఢిల్లీ నుంచి పెద్ద మేడమ్ వస్తా ఉండాది, మీ బావి చూపించండి అని. అంతకన్నా ఒక్క ముక్క చెప్పలా.

చెంగల్రాయులు తెల్ల పంచె కట్టి రోడ్డు వైపునుంచి తీసుకుపోయినాడు. "ఇదే మేడమ్ నా బావి." మేడమ్ ఫోటో తీసింది. జీపు కాడికి తిరిగొచ్చినాం. గోపాలు చెరుకు తోట నడుమ నుంచి తీసుకుపోయినాడు, ఆకులు మొగానికి కోసుకుంటా. "ఇది నా బావి మేడమ్." మళ్ళా ఫోటో. మళ్ళా జీపు. దొరస్వామి మామిడి చెట్ల కిందినుంచి చుట్టు తిప్పి తీసుకుపోయినాడు. బావి గట్టున ఊదా రంగు చీర ఒకటి ఆరేసి ఉండాది, ముందు రెండు ఫోటోల్లో పడినదే. మేడమ్ కెమెరా ఎత్తి, దించి, ఆ చీర వైపు చూసింది. మోటరు రూము తలుపు చూసింది. ఆ పైన పెద్దసారిని చూసింది.

పెద్దసారికి చెమటలు పట్టినాయి. అయినా తగ్గలా. "ఈ ఊర్లో బావులన్నీ ఒకే డిజైను మేడమ్" అన్నాడు.

నా ఉద్యోగంలో ఎన్నో సాంకేతిక వివరణలు విన్నాను. దానికి సాటి వచ్చేది ఒక్కటి కూడా లేదు.

మేడమ్ నాలుగో బావి చూస్తానని చెప్పింది. కుప్పమ్మ ఏటి వైపునుంచి ఇసకలో నడిపించుకుంటా తెచ్చింది. గట్టెక్కినాం. అప్పటికే ఆ ముగ్గురూ, కుప్పమ్మ ఏం చెప్తాదో అని ముందే వచ్చి కూర్చుని ఉండారు. ఆమె వాళ్ళను చూసి గొంతు పెంచి, ఊరంతా వినేటట్టు అనింది, "ఇది నా బావి!"

"ఎవుర్దీ?" అని చెంగల్రాయులు లేచినాడు.

"నాదే. ఆ చీర ఎవుర్ది? నాది. చీర ఎవుర్దో బావి వాళ్ళదే."

"మా నాయన లోతు చేయించిన బావి మీద చీరేస్తే నీదైపోతాదా?" అని గోపాలు దిగినాడు.

ఇంగ ఆపేదానికి ఎవురి వల్లా కాలా. మేడమ్ నన్ను పక్కకు పిలిచి ఏమంటా ఉండారని అడిగింది. "నాలుగు బావులూ ఈడనే ఉండాయంటా ఉండారు మేడమ్" అన్నాను. ఆమె కెమెరా మూత పెట్టుకుని, నవ్వు ఆపుకునేదానికి ఏటి దిక్కు తిరుక్కుంది.

నాలుగుతో భాగించడం

ఈ కథ ఇంతటితో ఆపితే నాకూ బాగుంటాది, చదివే మీకూ బాగుంటాది. ఆపితే అబద్ధమవుతాది.

మేడమ్ పొయ్యేటప్పుడు బావుల లెక్క సరిచెయ్యమని చెప్పి పోయింది. సరిచెయ్యాలంటే ఊరూరూ పోయి బావి బావికీ వంతుదార్లను విడివిడిగా రాయాల. నేను పోతానన్నాను, ఒక జీపూ ఇద్దరు మనుషులూ అడిగినాను. పెద్దసారు నవ్వినాడు. ఆ సాయంత్రమే మేడ మీదికి పోయి, బాహుదా ఏటి బేసిన్‌లో ఉండే అన్ని బావులనూ నాలుగుతో భాగించెయ్యమన్నాడు.

"సార్, అన్ని ఊర్లలో నలుగురు లేరు. ఒంటి చేతి బావులు ఎన్నో ఉండాయి. యర్రమిట్టలోనే ఏటికి దూరంగా ఉండేవన్నీ ఒంటి చేతివే."

"ఊరికొక సూత్రం పెడితే అది సైన్స్ కాదప్పా."

నీళ్ళ డాక్టరు భాగించినాడు. గురప్ప ఫ్లాపీ దించినాడు. మళ్ళా గీతలు కలిసినాయి, ఎందుకంటే ఏం పెట్టినా గీతలు కలిపేదే ఆ మేడ మీది పని. ఉండే బావులను కూడా ముక్కలు చేసి లేనట్టు రాసినందుకు, ఉండే ఊట కూడా లేనట్టు తేలింది. గోడ మీద పటం ఎర్రబడింది. నీలం పోయింది, పచ్చ కూడా పోయింది. మిగిలే నీళ్ళు యాడా లేవు కాబట్టి టవును పథకం రద్దు. అది మాత్రం మంచిదే. నేను రాతపూర్వకంగా అభ్యంతరం రాసిస్తే, పెద్దసారు చదివి, బాగా రాసినావని మెచ్చుకుని ఫైల్లో పెట్టించినాడు.

యర్రమిట్టకు పోయి ఏట్లో బావులు తవ్వరని చెప్పినాను. కుప్పమ్మ బెల్లం గడ్డ చేతిలో పెట్టింది. ఆ పొద్దు నా కొలువు మీద నాకు నిండా గర్వం కలిగింది. ఆ గర్వం ఆ ఎండాకాలం దాకా నిలిచింది.

ఆ తర్వాత వరసగా కరువులు. టవునులో కొళాయిలు ఆరిపోయినాయి. ట్యాంకర్లు మొదలైనాయి. ట్యాంకరోళ్ళు పల్లెల్లో తిరిగి నీళ్ళు కొనేదానికి దిగినారు. ముందు దొరస్వామి తన వంతు పొద్దు అమ్మినాడు. నా వంతు, నా ఇష్టం అన్నాడు. అది చూసి గోపాలు, అది చూసి చెంగల్రాయులు. మిగిలినోళ్ళు నీళ్ళు అమ్ముకుంటా ఉంటే నేను చెరుకు తడుపుతా కూర్చుంటే నాకు ఊట మిగల్తాదా అని కుప్పమ్మా అమ్మింది. తప్పని నేను అనలేను. ఎవురూ వంతు దాటలా, ఎవురూ దొంగతనం చెయ్యలా. నీళ్ళు ఎక్కువ రేటొచ్చే చోటికి పోవాలని రూపాయల డాక్టరు చెప్పినది అక్షరాలా జరిగింది. లారీలో జరిగింది, అంతే. పైపులైతే పదేండ్లు పట్టే పనిని ఆ నలుగురూ ఒక్క ఎండాకాలంలో పూర్తి చేసి, బావిని అడుగు రాయి దాకా తోడేసినారు.

కొత్తగా ఈ కొలువులో చేరేవాళ్ళకు ఈడ ఒక మాట చెప్పాల. నీళ్ళ లెక్క తప్పితే సరిచెయ్యొచ్చు, ఆర్థికం లెక్క తప్పితే సరిచెయ్యొచ్చు. రెండూ కలిసే తావ మనుషులుంటారు, వాళ్ళకు వంతులుంటాయి, పగలుంటాయి, పరువులుంటాయి. ఆ తావుకు మీరే నడిచి పోండి. గురప్పను పంపించొద్దండి.

ఎర్ర పటం

పటం చేసినప్పుడు అది గోడకు పెట్టే బొమ్మే అనుకున్నాం. కొత్త చట్టం వచ్చి బోర్లకు అనుమతి కావాలన్నప్పుడు, పైవాళ్ళు పటాలు అడిగినారు. పెద్దసారు అదే ఎర్ర పటం పంపించి, ఆ ఏడే రిటైరై పోయినాడు. ఎరుపు పడిన ఊర్లో కొత్త బోరు కూడదు. పలుకుబడి ఉండేవాళ్ళు కాగితం లేకుండానే వేసుకున్నారు. వాళ్ళను ఏ పటమూ ఆపలేదు.

కుప్పమ్మ బోరు అనుమతికి అర్జీ పట్టుకుని నేరుగా మా ఆఫీసుకొచ్చింది. అనుమతుల పని అప్పుడు నా దగ్గరే ఉండె. నీళ్ళు పడతాయో లేదో ఒకసారి వేసి చూసుకోనీండి అని పైకి రాసినాను, అది తిరిగొచ్చింది. కారణం ఒకటే ముక్క, ఎర్ర ప్రాంతం. ఆమెకు పటం తీసి చూపించినాను.

"ఇది ఎవురు పూసినారు సార్?"

"మా ఆఫీసే."

"ఆ పొద్దు మేడమ్ వచ్చి, బావి ఒకటే అని కనుక్కుని పోయినాక పూసినదేనా?"

"అదే."

ఆమె అర్జీని మడిచి రైకలో దోపుకుంది. అరస్తాదనుకున్నాను, అరవలా. నిదానంగా, పొద్దు గడిచేదానికి మాట్లాడినట్టు మాట్లాడింది.

"అబద్ధం చెప్పినప్పుడేమో మా ఏట్లో బావులు తవ్వతామంటిరి. నిజం బయటపడినాకేమో నా కయ్యలో బోరు కూడా కూడదంటిరి. ఈసారి మీవాళ్ళు కాగితాలు పట్టుకుని వస్తే ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు సార్. అదే చెప్తాను."

ఉగాది పోయినాక ఆమె బర్రెలు అమ్మేసి నాయుడుపేటకు పోయింది.